గాదె తాళంచెవి

అనటోలియా పీఠభూమి మీద, కనుచూపు మేరలో నాలుగు చెట్లు కూడా కనిపించని చోట ఒక ఊరుండేది. వానలు అంతంతమాత్రం. చలికాలం వచ్చిందంటే నాలుగు నెలలు మంచు. పండేది గోధుమ ఒక్కటే. ఊరి మధ్య రాళ్లతో కట్టిన పెద్ద గాదె ఉండేది. ఊరందరి గింజలూ అందులోనే దాచుకునేవాళ్లు. దానికి ఒకే తలుపు, ఒకే తాళం, జానెడు పొడవున్న ఇనప తాళంచెవి.

ఒక ఏడాది కోతలు అయ్యీ అవకముందే కొండల అవతలినుంచి దోపిడీ మూకలు వచ్చిపడ్డాయి. ఊళ్లోవాళ్లు పిల్లాపాపలతో పారిపోదామనుకున్నారు. అప్పుడు ఒక సిపాయి అడ్డం నిలబడ్డాడు. చాలా యుద్ధాలు చూసి వచ్చినవాడు. ఏళ్ల తరబడి ఫిరంగుల పక్కన నిలబడి చెవులు సగం పోయినవాడు. రెండుసార్లు ఆ మూకల్ని ఊరి పొలిమేర దగ్గరే ఆపాడు. మూడోసారి మూకలు రెట్టింపై వచ్చాయి. అప్పుడతను ఎవరూ ఊహించని మాట చెప్పాడు. "ఊరి ముందు వీధులు వదిలేయండి. అందరూ వాగు ఇవతలికి రండి" అన్నాడు. ముందు వీధులవాళ్లు గొల్లుమన్నారు. పిరికిపంద అని తిట్టినవాళ్లున్నారు. సగం చెవుడు కదా, తిట్లు సగమే వినిపించాయి. వాగు దాటి అలసిపోయి వచ్చిన మూకల్ని ఇవతలి గట్టు మీద ఇరవై రెండు రోజులు పోరాడి తరిమికొట్టారు. వదిలేసి వచ్చిన వీధులు మళ్లీ వాళ్లవే అయ్యాయి.

ఆ పండగ రోజున ఊరు గాదె తాళంచెవి తెచ్చి అతని చేతిలో పెట్టింది. అతను దానికి తోలు తాడు కట్టి మెళ్లో వేసుకున్నాడు.

తర్వాత కొన్నేళ్లకు చుట్టుపక్కల ఊళ్లన్నీ ఒకదానితో ఒకటి తన్నుకున్నాయి. మాతో కలవమని ఇటువాళ్లూ పిలిచారు, అటువాళ్లూ పిలిచారు. తాళంచెవి మనిషి ఎవరికీ కాదనలేదు, ఎవరి వెంటా వెళ్లలేదు. ఊరి కుర్రాళ్లెవరూ ఆ కొట్లాటలో చావలేదు. గింజలు మాత్రం గీచి గీచి కొలిచేవాడు. మనిషికి దోసెడు ఇవ్వాల్సిన చోట గుప్పెడు. విత్తనాల మూటల జోలికి ఎవర్నీ పోనివ్వలేదు. పిల్లలు ఆకలితో పడుకున్న రాత్రులున్నాయి. ఆ రోజుల్లోనే ఇంకోటి కూడా జరిగింది. ఊరి చివర కుమ్మరి వీధిలో వేరే దేవుణ్ని కొలిచే ఇళ్లు కొన్ని ఉండేవి. గాదెకు అందరూ తలా ఒక మూట ఇస్తే, వాళ్లను అయిదేసి మూటలు ఇమ్మన్నారు. ఇవ్వలేనివాళ్లను కొండదారిలో మంచు తవ్వడానికి పంపారు. కొందరు తిరిగి రాలేదు. తాళంచెవి అతని మెళ్లోనే ఉంది. అది అతనికి తెలియకుండా జరిగింది కాదు.

కొట్లాటలు సద్దుమణిగాక ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. ఎన్నాళ్లు ఒక్కడి మెళ్లోనే? మాటకారి రైతు ఒకడు ముందుకొచ్చాడు. తాళంచెవి నాకివ్వండి, గింజలు ఇంత పిసినారిగా కొలవను అన్నాడు. పెద్దలు తాళంచెవి మనిషి దగ్గరికి వెళ్లారు. అతను కోప్పడలేదు. సరే, ఊరినే అడుగుదాం అన్నాడు. అతను కావాలన్నవాళ్లు తెల్ల చిక్కుడు గింజ, రైతు కావాలన్నవాళ్లు నల్ల చిక్కుడు గింజ కుండలో వేయాలి.

వేశారు. ఎలా వేశారంటే, గాదె కాపలావాళ్లు కర్రలు పట్టుకుని కుండకు అటూ ఇటూ నిలబడ్డారు. ప్రతివాడూ గుప్పిట తెరిచి చూపించి వేయాలి. లెక్క మాత్రం తలుపులు మూసుకుని లోపల పెట్టారు. కాసేపటికి కాపలావాడొకడు బయటికొచ్చి, తెల్ల గింజలు కుండ నిండా ఉన్నాయని, నల్లవి అక్కడక్కడా నాలుగున్నాయని చాటాడు.

మూడో రోజు పొద్దున ఒక ముసలమ్మ వచ్చింది. సంకలో మేకపిల్ల. తాళంచెవి మనిషికి చిన్నప్పుడు రొట్టె పెట్టినామె. చెవి దగ్గరికి వచ్చి గట్టిగా, నిదానంగా అడిగింది:

"నాయనా, నేను నల్ల గింజ వేశాను. నీ మీద కోపంతో కాదు, నా మనవలు ఆకలికి ఏడ్చారు, అందుకు. నా గింజకు సూదితో చిన్న గాటు పెట్టాను. ఒకసారి చూపిస్తావా?"

"అమ్మా, అన్ని గింజల్లో ఎక్కడని వెతకమంటావు?"

"నల్లవి నాలుగేనటగా. నాలుగు గింజలు వెతకలేవా?"

ఆమె వెళ్లిపోయింది. ఆ రాత్రి అతను దీపం పట్టుకుని గాదెలోకి వెళ్లాడు. కుండ బోర్లించాడు. నాలుగు నల్ల గింజలూ వేళ్లతో తడిమి చూశాడు. గాటు లేదు. కాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, కాపలావాళ్లు చలి కాచుకునే పొయ్యి దగ్గరికి వెళ్లి బూడిద కెలికాడు. గుప్పెళ్లకొద్దీ గింజలు. ఉబ్బి, పగిలి, బొగ్గులైనవి. ఒక్కొక్కటీ దీపం కింద పెట్టి చూస్తూ పోయాడు. తెల్లవారుజామున ఒకటి దొరికింది. సగం కాలింది. కాలని సగం మీద సూది గాటు.

కాపలావాళ్లను పిలిచి అరవలేదు. వాళ్లు చేసింది వాళ్ల కోసం కాదని, తన కోసమేనని అతనికి తెలుసు. నువ్వేం చేస్తున్నావని వాళ్లను అడగకపోవడం తను చేసిన పని. ఆ గింజను రుమాల్లో కట్టుకుని జేబులో వేసుకున్నాడు.

నాలుగు పంటలు గడిచాయి. మళ్లీ గింజలు వేసే రోజు వచ్చింది. ఈసారి కుండ మీద గుడ్డ కప్పించాడు. గుప్పిట మూసుకుని చెయ్యి లోపల పెట్టి వేయాలి, ఎవరేం వేశారో ఎవరికీ కనపడకూడదు. కాపలావాళ్లను వాగు అవతలికి పంపేశాడు. సాయంత్రం మల్బరీ చెట్టు కింద తెల్ల దుప్పటి పరిపించి, ఊరందరినీ చుట్టూ కూర్చోబెట్టి, కుండ తెచ్చి దాని మీద గుమ్మరించాడు. లెక్క తనే పెట్టాడు. ముసలమ్మ ముందు వరుసలో కూర్చుంది. తెల్లవి ఒక కుప్ప, నల్లవి ఒక కుప్ప. సగం లెక్క కాకముందే ఏ కుప్ప పెద్దదో పిల్లలకు కూడా తెలిసిపోయింది. అయినా ఆఖరి గింజ దాకా లెక్కపెట్టాడు.

తర్వాత తోలు తాడు తల మీదుగా తీశాడు. అన్నేళ్లుగా ఒరుసుకుని మెడ మీద నల్లటి చార పడి ఉంది. తాళంచెవి రైతు చేతిలో పెట్టి ఇంటికి నడిచాడు.

ఆ రాత్రి కాపలావాళ్లు ఇంటికొచ్చారు. "ఒక్క మాట చెప్పండి పెద్దయ్యా. తెల్లారేలోగా తాళంచెవి తెచ్చి మీ మెళ్లో వేస్తాం" అన్నారు. మొదట వినపడనట్టు ఊరుకున్నాడు. వాళ్లు మళ్లీ అడిగారు. "ఆ గింజలు లెక్కపెట్టింది నేనురా" అని తలుపు వేసుకున్నాడు.

మర్నాడు గోధుమలు కొలిచే రోజు. సంచి భుజాన వేసుకుని వెళ్లి, గాదె ముందు వరుసలో చివర నిలబడ్డాడు. కొత్త తాళంచెవి మనిషి అతన్ని చూసి కూడా చూడనట్టు చాలాసేపు నిలబెట్టాడు. అతను నిలబడ్డాడు.

ఇదీ కథ. నీతి చెప్పాలంటే ఇది: తాను ఓడిపోవడానికి వీలున్న లెక్కను తానే పెట్టించి, ఓడిపోయాక వెళ్లి వరుసలో నిలబడినవాడు ఊరికి చేసిన మేలు, అతను గెలిచిన ఏ యుద్ధంకంటే కూడా పెద్దది. అంతకుముందు అతను చేసిన తప్పులు దానితో చెరిగిపోవు. కాలిన గింజ జేబులోనే ఉంటుంది.

కథ నేను అల్లిందే. అయితే ఆ మనిషి ఊహలోంచి రాలేదు. ఒట్టోమన్ సైన్యంలో అధికారిగా మొదలై, టర్కీకి ప్రధానమంత్రి, అధ్యక్షుడు, ప్రతిపక్ష నాయకుడు, మళ్లీ ప్రధానమంత్రి అయిన ఇస్మెత్ ఇనోను జీవితం నాలో చాలాకాలంగా తిరుగుతోంది. ముస్తఫా కెమాల్ అతాతుర్క్ గురించి మనవాళ్లకు ఎంతో కొంత తెలుసు. ఆయన పక్కనే నిలబడ్డ ఈ పొట్టి మనిషి గురించి తెలిసింది తక్కువ. నాకు మాత్రం ఈయన దగ్గరే నేర్చుకోవాల్సింది ఎక్కువ కనిపిస్తుంది.

1884లో ఇజ్మీర్‌లో పుట్టాడు. తండ్రి కోర్టు ఉద్యోగి. చదువంతా సైనిక పాఠశాలల్లో, ఫిరంగి దళం అధికారిగా. యెమెన్‌లో, కాకసస్‌లో, పాలస్తీనాలో పనిచేశాడు. చెవులు మందగించడం కూడా ఆ సైనిక జీవితం ఇచ్చిందేనంటారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఒట్టోమన్ సామ్రాజ్యం కూలాక, 1920లో అంకారా చేరి ముస్తఫా కెమాల్‌తో కలిశాడు. లోపలికి చొచ్చుకొస్తున్న గ్రీకు సైన్యాన్ని 1921 జనవరిలో ఒకసారి, మార్చి చివర్లో ఇంకోసారి ఇనోను అనే ఊరి దగ్గర ఆపాడు. 1934లో అందరూ ఇంటిపేరు పెట్టుకోవాలన్న చట్టం వచ్చినప్పుడు అతాతుర్క్ ఈయనకు ఇచ్చిన పేరు ఆ ఊరి పేరే.

ఆయన పేరుగా మారింది ఆ రెండు విజయాలు. ఆయన్ని తీర్చిదిద్దింది మాత్రం అదే ఏడాది జులైలో ఎదురైన ఓటమి అని నేననుకుంటాను. కూతాహ్యా, ఎస్కిషెహిర్ దగ్గర గ్రీకులు ఈయన సైన్యాన్ని దెబ్బతీశారు. ముస్తఫా కెమాల్ స్వయంగా వచ్చి పరిస్థితి చూసి, సైన్యాన్ని సకార్యా నది తూర్పు ఒడ్డుకు తీసుకుపొమ్మన్నాడు. అంటే ఊళ్లకు ఊళ్లు శత్రువుకు వదిలేయాలి. అంకారాలో పార్లమెంటు మండిపడింది. ఓడిన సైన్యం చెదిరి పారిపోవడం వేరు, వరుస తప్పకుండా వెనక్కి రావడం వేరు. ఆ సైన్యం వరుసలో వచ్చింది. ఆగస్టు 23 నుంచి ఇరవై రెండు రోజులు సకార్యా ఒడ్డున పోరాడి గ్రీకుల్ని ఆపింది. మరుసటి ఏడాది ఇజ్మీర్ దాకా తరిమింది. వెనక్కి అడుగు వేయడం కూడా సైనికుడి పనుల్లో ఒకటేనని ఇస్మెత్ అక్కడ చూశాడు.

1922 నవంబరులో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో శాంతి చర్చలు మొదలయ్యాయి. యూనిఫాం వదిలి సూటు వేసుకుని విదేశాంగ మంత్రిగా వెళ్లాడు. అటువైపు బ్రిటన్ తరఫున లార్డ్ కర్జన్. బెంగాల్‌ను ముక్కలు చేసిన వైస్రాయిగా మనకు బాగా తెలిసినవాడే. కర్జన్ గంటలకొద్దీ ఉరుముతూ మాట్లాడితే, ఇస్మెత్ చెవుడు అడ్డంపెట్టుకుని, అంతా అయ్యాక మళ్లీ మొదటికి వచ్చేవాడని చెబుతారు. చర్చలు ఫిబ్రవరిలో తెగిపోయాయి, ఏప్రిల్‌లో మళ్లీ అతికాయి. 1923 జులై 24న సంతకాలయ్యాయి. ఇవాళ్టి టర్కీ హద్దులు చాలావరకు ఆ కాగితం మీద గీసినవే.

ఆ ఏడాదే రిపబ్లిక్ వచ్చింది, ఈయన ప్రధానమంత్రి అయ్యాడు. ఇక్కడ మన హైదరాబాదుకు ఒక దారం కలుస్తుంది. 1924 మార్చి 3న ఈయన ప్రభుత్వ హయాంలోనే ఖలీఫా పదవిని రద్దు చేసి, ఆఖరి ఖలీఫాను కుటుంబంతో సహా దేశం దాటించారు. ఆ కుటుంబంలో పదేళ్ల పాప ఒకతె ఉంది. పేరు దుర్రు షెహ్వార్. 1931లో ఆ అమ్మాయికి నిజాం ఉస్మాన్ అలీఖాన్ పెద్దకొడుకు ఆజం జాతో ఫ్రాన్స్‌లోని నీస్‌లో పెళ్లయింది. పాతబస్తీలో పురానీ హవేలీ వైపు వెళ్లేవాళ్లకు ఆమె పేరు మీదున్న ఆసుపత్రి ఇప్పటికీ కనిపిస్తుంది. రాజ్యాలు కూలినప్పుడు తలుపులోంచి బయటికి నడిచినవాళ్లలో పిల్లలూ ఉంటారు. అంకారా తీర్మానాల గురించి చదివేటప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఆ పాపే.

పన్నెండేళ్లు ఏకబిగిన ప్రధానిగా ఉన్నాక 1937లో అతాతుర్క్‌తో చెడింది. పక్కకు తప్పుకోమన్నాడు, తప్పుకున్నాడు. ఇంట్లో కూర్చున్నాడు. మరుసటి ఏడాది నవంబరు 10న అతాతుర్క్ పోయాడు. మర్నాడే పార్లమెంటు ఈయన్ని అధ్యక్షుణ్ని చేసింది. ఆ డిసెంబరులో అధికార పార్టీ ఈయన్ని తన శాశ్వత అధ్యక్షుడని, జాతి నాయకుడని ప్రకటించింది. నోట్ల మీద, నాణేల మీద, తపాలా బిళ్లల మీద ఈయన బొమ్మ వచ్చింది. దేశంలో ఒకటే పార్టీ. తాళంచెవి పూర్తిగా ఒక్క మెడకు చేరింది.

రెండో ప్రపంచయుద్ధం ఆరేళ్లూ టర్కీని అందులో పడనివ్వకుండా కాపాడాడు. చర్చిల్ 1943 జనవరిలో అదనా దాకా వచ్చి రైలు పెట్టెలో కూర్చుని ఒప్పించబోయాడు. ఆ డిసెంబరులో కైరోలో రూజ్‌వెల్ట్ కూడా కలిసి అడిగాడు. ఈయన ఆయుధాల జాబితాలు ముందు పెట్టి, అవి ఇస్తే చూద్దామని, కాలం నెట్టుకొచ్చాడు. జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది 1945 ఫిబ్రవరిలో, అంతా అయిపోవచ్చాక. రొట్టెకు రేషన్ కార్డు పెట్టారు. యుద్ధం తర్వాత ఒక కుర్రవాడు, మమ్మల్ని రొట్టెల్లేకుండా చేశావని నిలదీస్తే, అవును కానీ తండ్రి లేకుండా చేయలేదుగా అన్నాడని టర్కీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ మాట చెప్పుకునేవాళ్లు దాని పక్కనే ఇంకోటీ చెప్పాలి. 1942 నవంబరులో ఆస్తి పన్ను ఒకటి వేశారు. కాగితం మీద అందరికీ, చేతల్లో గ్రీకులు, ఆర్మీనియన్లు, యూదుల మీద. ముస్లిం వ్యాపారికి వేసినదానికి ఎన్నో రెట్లు వాళ్లకు వేశారు. కట్టడానికి పదిహేను రోజుల గడువు, కోర్టుకు వెళ్లే హక్కు లేదు. దుకాణాలు, సామాన్లు, ఇంట్లో తివాచీలు కూడా వేలం వేశారు. కట్టలేనివాళ్లలో వెయ్యిమందికి పైగా మనుషుల్ని తూర్పున ఎర్జురుమ్ దగ్గరి అష్కలెకు, దారుల మీద మంచు తవ్వడానికి పంపారు. 21 మంది అక్కడే పోయారు. 1944లో చట్టం రద్దయింది. పోయినవాళ్లు, దేశం వదిలి వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. ఇనోనును మెచ్చుకుంటూ రాసే నేను ఈ పేరా రాయకపోతే అది కూడా లోపల తలుపులు మూసుకుని లెక్కపెట్టడమే అవుతుంది.

1945 నవంబరు 1న పార్లమెంటును ప్రారంభిస్తూ, మన వ్యవస్థకు లోటు ప్రతిపక్షం లేకపోవడమేనని తనే చెప్పాడు. ఎందుకు చెప్పాడన్న దానిమీద చరిత్రకారులు ఇంకా వాదించుకుంటారు. సోవియట్ యూనియన్ భయం, అమెరికా సాయం, దేశంలో పేరుకుపోయిన కోపం, అన్నీ కారణాలే. కారణాలెన్నున్నా చెయ్యి ఆడించాల్సింది ఆయనే. ఆ చుట్టుపక్కల దేశాల్లో అవే కారణాలున్నా పట్టు సడలించని పాలకులు ఉన్నారు. 1946 జనవరిలో జెలాల్ బయార్, అద్నాన్ మెందెరెస్ మరో ఇద్దరితో కలిసి డెమొక్రాట్ పార్టీ పెట్టారు. బయార్ అతాతుర్క్ చివరి ప్రధాని. మెందెరెస్ ఐదిన్ ప్రాంతపు పత్తి రైతు, గొప్ప మాటకారి.

ఆ జులైలో ఎన్నికలు పెట్టారు. ఓటు బహిరంగం, లెక్కింపు రహస్యం. ఇది నా కథలో కల్పన కాదు, అప్పటి పద్ధతే అది. అధికారుల కళ్లముందు ఓటు వేయాలి, లెక్క ఎవరూ చూడకూడదు. కొత్త పార్టీకి 60 పైచిలుకు సీట్లు మాత్రం దక్కాయి. మోసం జరిగిందని ఊరూరా అన్నారు, ఇవాళ టర్కీలో పెద్దగా ఎవరూ కాదనరు.

నన్ను ఆపేది ఆ తర్వాతి నాలుగేళ్లు. ప్రధాని రెజెప్ పెకెర్ ప్రతిపక్షాన్ని నలిపేయాలన్నాడు. ఇనోను పెకెర్‌నూ బయార్‌నూ విడివిడిగా పిలిపించుకుని మాట్లాడి, 1947 జులై 12న ఒక ప్రకటన చేశాడు. అధ్యక్షుడిగా తాను రెండు పార్టీలకూ సమాన దూరంలో ఉంటానని అందులో చెప్పాడు. కొన్నాళ్లకు పెకెర్ రాజీనామా చేశాడు. 1950 ఫిబ్రవరిలో కొత్త ఎన్నికల చట్టం వచ్చింది. ఓటు రహస్యం, లెక్కింపు బహిరంగం, పర్యవేక్షణ న్యాయమూర్తులది. నాలుగేళ్ల కింద ఉన్నదాన్ని సరిగ్గా తిరగేశారు. ఆ చట్టం చేసింది ఓడిపోబోయే పార్టీయే.

1950 మే 14న పది మందిలో దాదాపు తొమ్మిది మంది ఓటు వేశారు. డెమొక్రాట్లకు 400కు పైగా సీట్లు, ఇనోను పార్టీకి 69. ఓట్లలో అంత తేడా లేదు, సుమారు 53 శాతానికి 40 శాతం. జిల్లాలో ఎక్కువ ఓట్లొచ్చిన పార్టీకే ఆ జిల్లా సీట్లన్నీ అన్న పద్ధతి ఈయన పార్టీ ఉంచుకున్నదే, ఆ దెబ్బ దానికే తగిలింది. ఫలితాలు ఒప్పుకోవాల్సిన పని లేదని, తాము చూసుకుంటామని సేనాధిపతులు కొందరు కబురు పెట్టారని, ఈయన వద్దన్నాడని అంటారు. ఆ మాట అప్పట్లో ఎంత బలంగా వినిపించిందంటే, కొత్త ప్రభుత్వం జూన్ 6న సైన్యాధిపతితో సహా పెద్ద అధికారుల్ని ఒక్కసారిగా మార్చేసింది. ఇనోను అధ్యక్ష భవనం ఖాళీ చేసి, అదే చాన్కాయా కొండ మీదున్న సొంత ఇంటికి వెళ్లిపోయాడు. గులాబీ రంగు ఇల్లది, పెంబె కోష్క్ అంటారు. భార్య మెవ్హిబె తోడుంది. కొడుకు ఎర్దాల్ అప్పటికి అమెరికాలో భౌతికశాస్త్రం చదువుకుంటున్నాడు. మే 22న బయార్ అధ్యక్షుడయ్యాడు, మెందెరెస్ ప్రధాని. అరవై అయిదేళ్ల ఇనోను ప్రతిపక్ష బెంచీ మీదికి వెళ్లి కూర్చున్నాడు.

పదేళ్లు అక్కడే. కొత్తవాళ్లు కూడా రానురానూ తాళంచెవికి తోలు తాడు బిగించారు. ఈయన పార్టీ ఆస్తులు లాక్కున్నారు, పత్రికల వాళ్లను జైల్లో వేశారు. 1959 మే 1న ఉషాక్ పట్నంలో రైల్వే స్టేషనుకు వెళ్తుంటే జనంలోంచి రాయి వచ్చి ఈయన తలకు తగిలింది. 1922లో బందీగా చిక్కిన గ్రీకు సేనాధిపతి త్రికూపిస్‌ను ముస్తఫా కెమాల్ ముందుకు తెచ్చింది ఆ పట్నంలోనే. అప్పుడు గెలిచిన సైన్యపు అధికారిగా అక్కడ నిలబడ్డవాడు, డెబ్భై అయిదో ఏట నెత్తురోడుతూ రైలెక్కాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో కయ్సెరికి వెళ్తున్న రైలును దారిలో సైనికులతో ఆపించారు, వెనక్కి పొమ్మన్నారు. ఈయన వెళ్లలేదు. గంటలకొద్దీ పెట్టెలో కూర్చున్నాడు, చివరికి రైలును వదిలారు. ఎక్కడ వెనక్కి తగ్గాలో తెలిసినవాడికి ఎక్కడ తగ్గకూడదో కూడా తెలుసు.

1960 మే 27న సైన్యం మెందెరెస్‌ను కూలదోసింది. ఒక ద్వీపం మీద కోర్టు పెట్టి మరణశిక్షలు వేసింది. రాళ్లు వేయించినవాళ్లు, రైళ్లు ఆపించినవాళ్లు ఇప్పుడు ఉరికొయ్య ముందున్నారు. ఇనోను సైనిక పాలకుడు జెమాల్ గుర్సెల్‌కు ఉత్తరం రాశాడు, ఉరి తీయవద్దని. ఆ ఉత్తరం పనిచేయలేదు. 1961 సెప్టెంబరు 16న ఇద్దరు మంత్రుల్ని, 17న మెందెరెస్‌ను ఇమ్రాలి ద్వీపంలో ఉరితీశారు. ఈయన మీద ఆరోపణ కూడా ఉంది, ఆ తిరుగుబాటు వల్ల లాభపడింది ఈయన పార్టీయేనని. ఆ నవంబరులో మళ్లీ ప్రధాని అయింది ఈయనే, కాబట్టి ఆ మాట పూర్తిగా కొట్టేయడానికి వీల్లేదు. కానీ మరో రెండుసార్లు, 1962 ఫిబ్రవరిలో, 1963 మేలో, యువ అధికారులు కొందరు అంకారాలో మళ్లీ తిరగబడితే అడ్డం నిలబడ్డది కూడా ఈ ముసలి సైనికుడే. సైన్యానికి రెండోసారి రుచి తగలనివ్వలేదు. 1965 ఫిబ్రవరిలో పార్లమెంటు బడ్జెట్‌ను తిరస్కరించింది, దిగిపోయాడు.

ఇక ఆఖరి గుమ్మం. ఆయన మంత్రివర్గంలో కార్మిక శాఖ చూసిన కుర్రవాడు బులెంత్ ఎజెవిత్. కవి, పత్రికా రచయిత. చదువుకునే వయసులోనే రవీంద్రుడి గీతాంజలిని టర్కీ భాషలోకి అనువదించాడు. కార్మికులకు సమ్మె హక్కు ఇచ్చిన చట్టం ఆ శాఖ నుంచే వచ్చింది. ఇనోను పెంచిన మనిషే, పార్టీ ప్రధాన కార్యదర్శి అయింది ఈయన ఆశీస్సులతోనే. 1971 మార్చిలో సైన్యం మళ్లీ ప్రభుత్వాన్ని దించేసినప్పుడు, సైన్యం నిలబెట్టిన ప్రభుత్వానికి సహకరిద్దామని ఇనోను అన్నాడు. ఎజెవిత్ ఒప్పుకోక పదవి వదిలేశాడు. ఎనభై ఆరేళ్ల వయసులో ఇనోను తప్పు దారి పట్టాడని, కుర్రవాడు సరైన దారి పట్టాడని నేను నమ్ముతాను. ఒకప్పుడు సేనాధిపతులకు తలుపు వేసినవాడు ఈసారి తలుపు దగ్గరగా వేసి వదిలేశాడు.

1972 మే మొదట్లో అంకారాలో పార్టీ మహాసభ జరిగింది. నేనో, బులెంతో తేల్చుకోండి అన్నాడు పెద్దాయన. సకార్యా, లోజాన్, అతాతుర్క్ స్నేహం, అన్నీ ఆయన పక్కన నిలబడి ఉన్నాయి. ప్రతినిధులు ఓట్లు వేశారు. సభ ఎజెవిత్ వైపు నిలిచింది. మే 8న ఇనోను రాజీనామా పంపించాడు. ముప్పై మూడేళ్ల కింద శాశ్వత అధ్యక్షుడని రాసి ఇచ్చిన పార్టీకే ఆ కాగితం వెళ్లింది. ఎవర్నీ ఆపమని అడగలేదు, లెక్క మళ్లీ పెట్టమనలేదు. వారం తిరక్కుండా ఎజెవిత్‌ను కొత్త అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఆ రోజు కూడా మే 14.